అన్న కప్పు, తమ్ముడి నేల

"కప్పును మోసేదే ఈ దంతెలు. నడుమ మూడు కోస్తే మీద ఉన్నోళ్లొచ్చి మీ ఒళ్లె కూసుంటరు, రామచంద్రన్నా" అంటూ వడ్రంగి అనంతయ్య రంపం కింద పెట్టేశాడు.

చేవెళ్లలోని ఆ పాత మేడ కింది గదిలో, గోడకు ఆనించిన ఫైబర్ గుమ్మటం తళతళలాడుతోంది. మొయినాబాద్‌లో ఎవరో సాఫ్ట్‌వేర్ ఆయన ఫాంహౌస్ కప్పులో అలాంటిది చూసినప్పటినుంచి రామచంద్రయ్యకు నిద్ర లేదు.

"మరెట్ల?"

"పక్క దంతెలకు జోడు దంతెలు కట్టి, కోసిన కొసలను అడ్డకట్టెకు బిగిస్త. అదయితది. కానీ గుమ్మటం మోకాలెత్తు మీదికి లేస్తది. మీ తమ్ముని నేల మీద పుట్ట లేసినట్టే. ఆయనను అడిగిన్రా?"

రామచంద్రయ్య మొహం ముడుచుకుంది. పై అంతస్తు తమ్ముడు నాగేందర్‌ది. పొలం అమ్మినప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"వాణ్ణి నేను అడుగుడా?"

"అడగకుంటే పాయె. ఆ గుమ్మటంల బియ్యం కడుక్కుంట" అంది భార్య సుక్కమ్మ.

రామచంద్రయ్య మెట్లెక్కక తప్పలేదు. పై గది మధ్యలో, చెక్క నేల మీద, సుద్దముక్కతో పెద్ద గుండ్రం గీసి ఉంది. సరిగ్గా గుమ్మటం వచ్చేచోటే. కింది మాటలు తమ్ముడు విని ఉంటాడు. అడగకముందే గీసి పెట్టాడు. రామచంద్రయ్య గీత తొక్కకుండా వెళ్లి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఇంతలో మరదలు రమ చాయ్ తెచ్చింది, ఆయనకు ఇష్టమని మరిచిపోకుండా అల్లం దంచి వేసి.

"తమ్మీ, ఈడ దంతెలు కొయ్యాలె. పక్కలకు జోడు కట్టిస్త. ఏమంటవు?"

నాగేందర్ కళ్లు మెరిశాయి. "వదిన చెప్పిందా?"

"ఆ. ఆమె అంటెనే వచ్చిన."

"మొఖం చెల్లక నేనే ఆగిన అన్నా. నీ కప్పాయె. కొయ్యనియ్యి. కట్టె మాత్రం గట్టిది వెయ్యమను. ఖర్చుల సగం నాది."

"నీకెందుకురా సగం?"

"బరువు నాది గద."

రామచంద్రయ్య కిందికొచ్చి కళ్లు తుడుచుకున్నాడు. "వాడు బంగారమే."

"నిన్నటిదాక తుప్పు అంటివి" అంది సుక్కమ్మ.

అనంతయ్య టేకు దంతెలు జోడించి, అడ్డకట్టెలు బిగించి, నడిమివి కోశాడు. పలకలు ఊడదీయగానే పై గది వెలుతురు గుండ్రంగా కింద పడింది. గుమ్మటం ఎత్తబోతూ రామచంద్రయ్య పైకి చూశాడు. కన్నం అంచున నాగేందర్ తాడు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పిలవకుండానే సాయానికొచ్చాడు పాపం.

"తమ్మీ, జర పక్కకు జరుగు. గుమ్మటం మీదికొస్తున్నది."

"ఏం గుమ్మటమే అన్నా? నువ్వే జరుగు. నా స్నానాల టబ్బు కిందికి దిగుతున్నది."