షార్ట్‌లీ అంటే

"షార్ట్‌లీ అంటే తురంత్ కాదు సార్, తురంత్ అంటే వెంటనే. థోడీ దేర్ మే అనాలి. కాసేపట్లో అని అర్థం," అంది అనువాదకురాలు.

అంబులెన్సు ఆఫీసు నుంచి రికార్డింగు స్టూడియోకి వచ్చిన అధికారి వాచీ చూసుకున్నాడు. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకు వినిపించే మాటల్ని ఇంగ్లీషు నుంచి హిందీలోకి మార్చి, మళ్లీ రికార్డు చేయించాలి. పాత రికార్డింగు కూడా ఆమె గొంతే. ఇప్పుడది గరగరలాడుతోందని ఫిర్యాదులొచ్చాయి.

'కైండ్లీ'కి కృపయా, 'క్లియర్లీ'కి సాఫ్ సాఫ్ అంటూ చకచకా చెప్పుకుపోయిన మనిషి, 'అంబులెన్సు షార్ట్‌లీ వస్తుంది' అన్నచోట మొండికేసి కూర్చుంది.

"పోయినసారి మీరే తురంత్ అన్నారు కద మేడమ్?"

"అన్నాను."

"అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

"బండ్లు వెంటనే వస్తున్నాయా సార్?"

"ఎలా వస్తాయి? ఉన్నవాటిలో సగం షెడ్డులోనే ఉన్నాయి."

"అయితే షాయద్ అందాం. రావచ్చు, రాకపోవచ్చు అని తెలిస్తే, పక్కింటివాళ్లనో దారినపోయేవాళ్లనో పిలుచుకుంటారు."

అధికారి నవ్వాడు. "వస్తామో రామో అని చెప్పే అంబులెన్సు ఎక్కడైనా ఉంటుందా? ప్రాణం మీదికొచ్చినవాడికి ధైర్యం చెప్పాలి మేడమ్."

"ధైర్యం చెబితే అలాగే ఎదురుచూస్తూ ఉండిపోతారు."

"పైవాళ్లు తురంత్ అని ఖాయం చేశారు. మీరు కాదంటే ఇంకొకరిని పిలుస్తాం. మారేది గొంతే, మాట కాదు."

ఆమె కాగితం తీసుకుని అద్దాల గదిలోకి వెళ్లింది.

సౌండు ఇంజనీరు ఆమెకు మైకు సర్దాడు. "చాలా రోజులకి వచ్చారక్కా. ఊరెళ్లారా?"

"లేదు. ఇంట్లోనే ఉన్నాను."

"అయినా ఇంత మంచి హిందీ మీకెలా వచ్చింది?"

"మా ఆయన భాష అదే. ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

ఎర్రదీపం వెలిగింది. ఆమె చదివింది. మాటలు తప్పు పోలేదు కానీ, కూరగాయల ధరలు చదివినట్టుంది. ఇంజనీరు మళ్లీ చదవమన్నాడు. రెండోసారి మరీ చప్పగా వచ్చింది. మూడోసారి తురంత్ దగ్గర దగ్గుతూ ఆగిపోయింది.

"జలుబు చేసిందా అక్కా? కాసేపు ఆగుదామా?"

"వద్దు. కానివ్వు."

అద్దం అవతల అధికారికి ఓపిక నశించింది. మైకు మీట నొక్కి, వీలైనంత నెమ్మదిగా చెప్పాడు. "మేడమ్, ఎవరికో చెబుతున్నాననుకోకండి. మీ ఇంట్లోనే ఎవరో ఉన్నట్టుండి పడిపోయారు. పక్కన మనిషి లేరు. వాళ్లకి చెబుతున్నాననుకుని చదవండి."

ఆమె కాగితం పక్కన పెట్టింది. కళ్లు మూసుకుంది.

"ఘబరాయియే మత్. ఏంబులెన్స్ తురంత్ ఆ రహీ హై."

కంగారు పడకండి, అంబులెన్సు వెంటనే వస్తోంది. నుదుటి మీద చెయ్యి వేసి చెప్పినట్టు ఉంది ఆ గొంతు. ఇంజనీరు రికార్డింగు ఆపే మీట నొక్కడం కూడా మరిచిపోయాడు.

"ఇదీ మేడమ్ కావాల్సింది. ఇలా చెబితే ఎవరైనా నమ్ముతారు," అన్నాడు అధికారి, సంచీ సర్దుకుంటూ.

"నమ్ముతారు," అంది ఆమె.

పోయిన నెల, ఒంటరిగా ఫోను చెవికి ఆనించుకుని, ఆమె భర్త చివరిగా విన్నది ఆ గొంతునే.