బస్టాపులో కొత్త బల్ల

ఏకాంబరం సుత్తి ఎత్తి, బస్టాపులోని కొత్త సిమెంటు బల్ల మీద బలంగా ఒక్కటి వేశాడు. సుత్తి ఎగిరిపడింది గానీ బల్ల మీద గీత కూడా పడలేదు.

ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ వేసే కాంట్రాక్టరు ఆయన. బల్ల చేసింది ఇంజనీరింగు చదివే మేనకోడలు రేవతి. అది పగిలితే ఊళ్లో మిగతా బల్లల పని తనకే ఇవ్వాలని ఆయన పందెం.

“శెనక్కాయ పొట్టు బూడిద కలిపినావంటే ఒక వానకు కూడా ఓర్చుకోదనుకుంటి పాపా,” అన్నాడు సుత్తి కింద పెట్టి. “కంకర యాడిది?”

“పాత రోడ్డుది మామా. పెచ్చులు ఏరుకొచ్చి కలిపినాము.”

ఏకాంబరం దర్జాగా బల్ల మీద కూర్చున్నాడు. “అదీ సంగతి. ఎవురో మహానుభావుడు ఏసిన రోడ్డు. పగలగొట్టేదానికి శానా కష్టపడింటారే?”

“లేదు మామా. మొన్న వానకు అదే లేసిపోయింటే గంపల్లో ఎత్తుకొచ్చినాము. రైలుగేటు కాడ నువ్వు ఏసిన రోడ్డే.”

బస్సు కోసం నిలబడ్డవాళ్లు మొహాలు తిప్పుకొని నవ్వారు. ఏకాంబరం లేవలేదు. తీరిగ్గా మీసం దువ్వుకున్నాడు.

“ఎన్ని బల్లలు కావాల్నో నువ్వే చేసుకో పాపా. వచ్చే నెల ఆ రోడ్డు మళ్లీ నేనే ఏసేది. నీకు కంకరకు కరువుండదులే.”