హొరేస్ గొంతు

తెల్లారేలోగా సౌండ్ ఎడిటర్ యాదిరా చేయాల్సినవి మూడు. చనిపోయిన నటుడు హొరేస్ టిల్లరీ మాటలన్నీ సినిమాలోంచి తీసేయాలి. వేరే నటుడి నున్నటి గొంతు అతికించాలి. మధ్యలో మిగిలిన ఖాళీలను గది నిశ్శబ్దంతో పూడ్చాలి. షూటింగ్ ముగిశాక అందుకోసమే ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఉత్త గదిని రికార్డు చేసి ఉంచుతారు.

హొరేస్‌ది గులకరాళ్ల మీద బండి నడిచినట్టుండే గొంతు. ఇంగ్లీషు సగమే అర్థమైనా, యాదిరా తండ్రి ఆ గొంతు కోసమే అతని సినిమాలకు వెళ్లేవాడు.

"ఆ బొంగురు ఎవడిక్కావాలి? మార్చకపోతే రేపట్నుంచి రాకు" అని సాయంత్రమే చెప్పి వెళ్లాడు నిర్మాత.

అమెరికాలో సినిమాలు తీసే బర్బాంక్ ఊళ్లో, ఆ స్టూడియోలో ఇప్పుడామె ఒక్కతే ఉంది. నిశ్శబ్దాన్ని పెట్టి వింది. అందులో ఎవరో మాట మొదలుపెట్టబోతున్నట్టు గరగరమని ఊపిరి తీసుకున్నారు. చెరిపేసింది. మళ్లీ వింటే ఆ ఊపిరి ఇంకా దగ్గరగా ఉంది.

ఆ నిశ్శబ్దాన్ని రికార్డు చేసిన వెండెల్‌కు ఫోన్ చేసింది.

"ఖాళీ గదిని రికార్డు చేసినప్పుడు హొరేస్ పక్కనే ఉన్నాడా పెద్దాయనా?"

"నిద్ర లేక మతిపోయిందా పిల్లా? అతన్ని పూడ్చిన మర్నాడు తీశానది. గదిలో నేనొక్కణ్ణే."

"మరి ఊపిరెవరిది?"

వెండెల్ గొంతు తగ్గించాడు. "హొరేస్ తన మాట వంతొచ్చేదాకా అలాగే ఊపిరి తీసుకుని కాచుకునేవాడు, పాపం" అన్నాడు.

యాదిరా కొత్త గొంతు తీసేసి, హొరేస్ పాత గొంతే పెట్టేసింది. చెవుల్లో ఊపిరి ఆగింది. వెనకున్న ఖాళీ కుర్చీ, ఎవరో కూర్చున్నట్టు, మెల్లగా కిర్రుమంది. ఆమె తిరిగి చూడలేదు.

ఆ సినిమా మీ ఊరొస్తే, హొరేస్‌ను ఒక్కసారి తలుచుకోండి.