పాట మధ్య ఖాళీ

జెస్సీకి ముచ్చెమటలు పడుతున్నాయి.

రేపే యర్రగొండపాలెం చర్చిలో కోత పండుగ. నతానియేలు అయ్యగారు పోయాక వస్తున్న మొదటి పండుగ కాబట్టి ఆయన పాట పాడి తీరాలి. ఆ పాట రాసున్న ఒకే ఒక్క పుస్తకంలో మూడో చరణాన్ని చెదలు శుభ్రంగా తినేశాయి. ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు.

పైగా పల్లవి మధ్యలో ఒక ఖాళీ. దాన్ని జెస్సీ కీబోర్డుతో పూడుస్తోంది.

"ఆడ వాయించొద్దు పాపా."

బస్సు వచ్చేదాకా నీడకని వెనక బెంచీలో కూర్చున్న ముసలమ్మ.

"ఎందుకవ్వా?"

"కలుపు పీకి పక్కన పడేసేంత సేపు అది."

క్వయర్ అంతా పకపకా నవ్వింది.

"అయ్యగారి పాటలో కలుపేంది అవ్వా!"

ముసలామెకు పాటల సంగతేం తెలుసన్నట్టు నవ్వేసరికి జెస్సీకి చిరాకేసింది. నవ్వులు ఆపడానికి కీబోర్డు క్లాసులో విన్న కథ ఎత్తుకుంది.

"రెండొందల ఏళ్ల కింద జర్మనీలో ఒకామె పాటలు కట్టేదంట. ఆడదాని పేరు అచ్చులో ఏందని, కొన్ని పాటలు తమ్ముడి పేరు మీద వేసినారు. ఒక రాణి వాటిలో ఒకటి మెచ్చుకుంటే, 'అది మా అక్కది' అని ఒప్పుకున్నాడంట."

"చెప్పినాడా?" అంది ముసలమ్మ. "మంచోడే."

తర్వాత ఎవరూ అడక్కుండానే అందుకుంది.

"వంగిన నడుమును చూచితివి తండ్రీ..."

మూడో చరణం!

చరణం ముగించి పల్లవి ఎత్తుకుని, ఖాళీ దగ్గర నోరు మూసింది. చెయ్యి మాత్రం గాలిలో దేన్నో పీకి పక్కన పడేసింది. ఆ ఖాళీ అప్పుడు ఎంత బాగుందో!

జెస్సీ గబగబా రాసుకుంది. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. తలెత్తేసరికి బెంచీ ఖాళీ. బయట వెలిగండ్ల బస్సు కదిలిపోతోంది.

చర్చి ఊడ్చే సామ్రాజ్యం లోపలికొచ్చింది.

"జ్ఞానమ్మత్త ఎప్పుడొచ్చింది? పలకరించేలోపే బస్సెక్కేసింది."

"ఎవరత్తా ఆమె?"

"అయ్యగారి చెల్లెలు. ఆయన బడికి పోతే ఈమె మా అమ్మతో కలుపుకు పోయేది. ఈ పాట మొదట ఆ చేలోనే విన్నానని మా అమ్మ ఎప్పుడూ అంటుండె."

జెస్సీ కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. ఒక్క దండమైనా పెట్టలేదే అనుకుంది.

రేపటి కార్యక్రమం కాగితం కోసం వెతికింది. అదృష్టం, ఇంకా ప్రింటుకు పోలేదు.

'రచన' అని ఉన్నచోట అన్న పేరు కొట్టేసి, చెల్లెలి పేరు రాసింది.