ట్యాబ్‌కు సంత బేరం

"ఇట్లా కాదప్పా. దాన్ని ఎండలోకి తీసకరా," అన్నాడు మారెప్ప.

ఓబిలేష్ అద్దాల బల్ల వెనక నుంచి కదల్లేదు. "ఎండలో ఏముంటాది చిన్నాయనా? ఈడ చూడు, ఎంత బాగా అగపడతాండాదో."

"అంగట్లో అన్నీ బాగనే అగపడతాయి. మాది ముదిగుబ్బ పక్క. ఆడ ఎండ తప్ప ఏముండాది?"

చేసేది లేక ఓబిలేష్ ట్యాబ్ పట్టుకుని మెట్ల మీదికి నడిచాడు. ఆ ట్యాబ్‌ను ఎవరో కొన్న వారానికే వాపసు తెచ్చారు. దాని స్పీకర్ పలకదు. చెవుల్లో పెట్టుకునేవి తగిలించినా పలకదు. తనను అడగకుండా దాన్ని వాపసు తీసుకున్నందుకు యజమాని గంగాధరప్ప మండిపడ్డాడు. పదివేలకు తగ్గకుండా ఈ వారంలో అమ్మకపోతే నీ జీతంలో పట్టుకుంటానని తేల్చి చెప్పాడు. ఇవాళ శనివారం.

అందుకే మిగతా ట్యాబుల్లో పాటలు పెట్టి అంగడంతా మోగించిన ఓబిలేష్, దీని దగ్గరికి వచ్చేసరికి తెరను పొగిడాడు, కెమెరాను పొగిడాడు, చార్జింగ్ రోజంతా ఉంటుందన్నాడు. పాట మాత్రం పెట్టలేదు.

ఎండలోనూ తెర వెలవెలబోలేదు. మారెప్ప తల ఊపి, భార్య వైపు తిరిగాడు.

"కదిరమ్మా, ఆ కరెంటు స్తంభం కాడ నిలబడు. చేతులెత్తి వేళ్ళు ఆడిచ్చు."

"జనం చూస్తాండారయ్యా. పిచ్చిదనుకుంటారు."

"అనుకోనీలే. దుడ్లు పెట్టేది మనం."

కదిరమ్మ సణుగుతూనే పోయి నిలబడింది. చేతులెత్తి వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ గబగబా ఆడించింది. మారెప్ప కెమెరా తెరలోకి మొహం పెట్టి రెప్ప వేయకుండా చూశాడు. "వేరే అంగట్లో చూసినదాంట్లో చేయి కదిలిస్తే చెదిరిపోతాండె. దీంట్లో ఒక్కో వేలూ తెలుస్తాండాది."

ఓబిలేష్‌కు నవ్వొచ్చింది. గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి తేల్చుకుంటారు. ఏళ్ళ తరబడి అదే పని చేసినవాడికి కెమెరా ఇచ్చినా చూపు వేళ్ళ మీదికే పోతుంది మరి.

"గొర్రెల బేరగాడివని చెప్పకనే తెలిసిపాయె చిన్నాయనా. ఇంతకీ ఇది ఎవరికి?"

"మాకే. మా పాప సువర్ణ బెంగుళూరులో కుట్టు ఫ్యాక్టరీలో పని చేస్తాది. ఫోన్లో మనిషి సగమే అగపడతాండె. మాకు కుదర్లేదు."

"ఆ ఫోనూ పగిలిపాయె," అంది కదిరమ్మ మెట్లెక్కుతూ. "బిడ్డతో మాట్లాడి నెల దినాలాయె. ముద్ద లోపలికి పోతల్యా. పొట్టేళ్ళు రెండూ అమ్ముకొని వచ్చినాం, ఇంకేం చేస్తాం?"

ఓబిలేష్ ట్యాబ్ వైపు చూడలేకపోయాడు. ఇంటికి పోయి, కూతురికి ఫోన్ కలిపి, ఆ తల్లి తెరకు చెవి ఆనించి కూచోవడం కళ్ళకు కట్టింది. కానీ జీతం కోసుకుంటే తన ఇంట్లో బియ్యం ఎట్లా అన్నదీ కళ్ళకు కట్టింది.

"ధర చెప్పు," అన్నాడు మారెప్ప.

"కొత్తది పద్దెనిమిది. ఇది పెట్టె విప్పినది కాబట్టి పదహారుకు ఇస్తా."

మారెప్ప భుజం మీది తుండుగుడ్డ తీసి ఓబిలేష్ చేతి మీద కప్పి, కింద నుంచి ఒక వేలు పట్టుకుని నొక్కాడు.

"ఏంది చిన్నాయనా ఇది?"

"పది మీద ఒకటి."

"పదకొండా? కుదరదు."

"కుదరకపోతే పోదాం పా," కదిరమ్మ మెట్లు దిగడం మొదలుపెట్టింది. "మొహం చూస్తే మంచోని మాదిరి ఉండాడు, బేరం మాత్రం రాయి."

"ఉండమ్మా," అన్నాడు ఓబిలేష్. గుడ్డ కింద తనూ నాలుగు వేళ్ళు పట్టించాడు. మారెప్ప మళ్ళీ ఒక వేలే పట్టుకున్నాడు. నొక్కి వదలకుండా అట్లాగే నిలబడ్డాడు, సాయంత్రం దాకా తీరిక ఉన్నవాడిలా. చివరికి ఓబిలేష్ చేయి లాక్కుని, "సరే తీసుకో," అన్నాడు.

దుడ్లు ఇచ్చి, పెట్టె తీసుకుని ఇద్దరూ వీధిలోకి దిగారు. మూలమలుపు తిరగబోతుండగా ఓబిలేష్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"చిన్నాయనా, నిలబడు. దుడ్లు వాపసిస్తా. దాని స్పీకర్ పోయిండాది. ఒక్క మాటా వినపడదు. చెప్పకుండా దాచిపెట్టినా."

మారెప్ప తొణకలేదు. "తెలుసులేప్పా."

"ఎట్ల తెలుసు?"

"అన్నిట్లో పాటలు మోగించి, దీంట్లో బొమ్మలే చూపిస్తివి. గొర్రెను అమ్మేటోడు మూడు కాళ్ళు చూపించి నాలుగోదాన్ని చేత్తో మూసినాడంటే కుంటు యాడుండాదో తెలీదా? నేనెందుకు అడగాల? అడిగితే బాగు చేపిస్తాలే అని పదహారు కాడే నిలబడుదువు."

"తెలిసి కూడా ఎందుకు కొంటివి?"

"తెలిసినందుకే పదకొండుకు అడిగినా. పలికేదానికి మేమెందుకప్పా ఎక్కువ పెట్టాల?"

"అది కాదు చిన్నాయనా. మరి సువర్ణతో మాట్లాడేది ఎట్ల?"

మారెప్ప పెళ్ళాం వైపు చూశాడు. కదిరమ్మ పెట్టెను చంకన పెట్టుకుని నింపాదిగా అంది.

"మా బిడ్డకు పుట్టినప్పట్నుంచి వినపడదప్పా."