మునిగేందుకు నీళ్లు

ప్రొద్దుటూరు కేబుల్ వార్తల చివర రోజూ ఒక వార్త మీద నేను రాసిన వెటకారపు పాట చదువుతారు. మొన్న కొండాపురం దగ్గరి కాలనీలో నాగమునెయ్య నీళ్ల కోసం ఖాళీ ట్యాంకెక్కి, దూకుతానని బెదిరించాడు. నేనిలా రాశాను:

"ట్యాంకులో దూకి చస్తానన్నాడు మామ,
మునిగేందుకు నీళ్లేవి, రామ రామ!"

అందరూ నవ్వారు. కష్టంలో ఉన్న మనిషిని నవ్వులపాలు చేశానేమోనని నాకే ముద్ద దిగలేదు.

ఈ ఉదయం అతని భార్య ఓబుళమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను ముందే.

"అదేంది మేడం! మీ పాటకు సిగ్గుపడే కదా ఆఫీసర్లు నిన్న ట్యాంకు నింపినారు."

మనసు తేలికపడింది. "మరి ఏడుస్తావెందుకు?"

"నీళ్లొచ్చినాయి, ఇంక దూకు మామా అని ఊరంతా ఎగతాళి చేస్తాండారు. మా ఇంటాయప్ప మళ్లా పైకెక్కినాడు మేడం."