గాలి పోయినా

"వరుసగా మూడో ఆదివారం! దేవుడే ఆపుతున్నడు. ఇంకెట్ల చెప్పాలె నీకు?" గడపలో నిలబడి అన్నాడు ఆర్థర్.

గ్లోరియా వరండాలో గొంతుక్కూర్చుని సైకిల్ వెనక చక్రాన్ని వేలితో నొక్కింది. టైరు మెత్తగా లోపలికి పోయింది. రాత్రి పడుకునే ముందు తనే గట్టిగా గాలి కొట్టి పెట్టింది.

"దేవుడు ఆపాలనుకుంటే నా మోకాళ్ళు పట్టుకుంటడు. టైరుతో ఆయనకేం పని?"

"నోరు చూడు! చర్చి కమిటీల ఉన్నోణ్ని నేను. ఆదివారం పూట నా పెళ్ళాం లాగు ఏసుకొని గుట్టల మీద సైకిల్ తొక్కుతాంటే జనం నన్నేమంటరు?"

"తొమ్మిదింటికల్లా వచ్చి చీర కట్టుకొని ఆరాధనకి మీ పక్కనే కూసుంటున్న గద! ఒక్క ఆదివారమన్నా తప్పిన్నా?"

"యాభై ఏండ్లొచ్చినయి, ఈ గెంతులాటలేందమ్మా," లోపల్నుంచి అత్తగారు సలోమి గొణిగింది.

గ్లోరియా ఫోన్ మోగింది. కాప్రా చెరువు దగ్గర ఎదురుచూస్తున్న ఆడవాళ్ళ సైకిల్ బృందం. వచ్చే నెల అనంతగిరి కొండల మీద స్వారీ ఉంది. "మేడమ్, మళ్ళీ పంక్చరేనా? వచ్చే ఆదివారం సుత రాకపోతే మీ పేరు తీసేసి ఇంకొకరిని తీసుకోవాల్సొస్తది. ఏమనుకోకండి."

"వస్తా," అంది గ్లోరియా. ఫోన్ పెట్టేసి చక్రాన్ని మెల్లగా తిప్పింది. టైరు పక్కభాగంలో ఏదో మెరిసింది. గోళ్ళతో పట్టి లాగింది. నీలం పూస తల ఉన్న పిన్ను.

ఆ ఇంట్లో అలాంటి పిన్ను పెట్టుకునేది ఒక్కరే.

"అత్తమ్మా, ఇది మీదేగా?"

సలోమి బయటికొచ్చి కళ్ళు చికిలించి చూసింది. "నాదే. నిన్నటి సంది దేవులాడుతున్న. యాడ దొరికింది?"

"నా టైరుల."

ముందు ఆర్థరే తేరుకున్నాడు. "ఏందీ, అమ్మ మీద అనుమానమా? ఎక్కడో జారి పడ్డది నీ చక్రానికి గుచ్చుకొనుంటది."

సలోమి పిన్నును కోడలి చేతిలోంచి చటుక్కున లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆమె ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తప్పు చేసిన మనిషి అలాగే ఉంటుంది, అనుకుంది గ్లోరియా. అయినా నిలదీయలేదు. మాటలతో పెట్టుకుంటే ఆదివారం పోతుంది. ఆమెకు ఆదివారం కావాలి.

శనివారం సాయంత్రం సైకిల్‌ని కార్ఖానా బస్తీలో ఉన్న హరికిషన్ సైకిల్ షాపుకి నడిపించుకెళ్ళింది.

"మళ్ళ పంక్చరా మేడమ్? మీది గంత ముండ్ల తొవ్వనా?"

"తొవ్వ మంచిదే. ఇంట్లనే ముండ్లున్నయి."

హరికిషన్ నవ్వి, గోడకు వేలాడుతున్న నురుగు రింగు ఒకటి తీశాడు. నొక్కితే గట్టి స్పాంజిలా ఉంది. "దీన్ని ఇన్సర్ట్ అంటరు. టైరు లోపల కూసుంటది. రాళ్ళు తగిలినా రిమ్ముకు దెబ్బ తగలదు. గాలి మొత్తం పోయినా చక్రం దీని మీదనే నడుస్తది. జెర మెల్లగ పోవాలె, గంతే."

"బయటికి కనిపిస్తదా?"

"అస్సలు కనిపించది."

"అయితే రెండు చక్రాలకూ వెయ్యి."

ఇంటికి తెచ్చి, ఏమీ ఎరగనట్టు సైకిల్‌ని వరండాలో ఆర్థర్ స్కూటర్ పక్కనే నిలబెట్టింది.

ఆదివారం తెల్లవారుతుండగా గ్లోరియా తలుపు తీసింది. వెనక టైరు చతికిలబడి ఉంది. ఈసారి పిన్ను కాదు. పక్కన బొటనవేలంత చీలిక.

ఆర్థర్ అప్పటికే చేతిలో టీ గ్లాసుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "చూసినవా? నాలుగు వారాలాయె. ఇగనన్నా మానుకో. లోపలికొచ్చి టిఫిన్ సంగతి చూడు."

గ్లోరియా హెల్మెట్ పెట్టుకుంది. గడ్డం కింద పట్టీ బిగించింది. సైకిల్‌ని మెట్లు దింపింది.

"గాలి లేదు, గ్లోరియా!"

"లేకపోతే లేదు."

ఎక్కి కూర్చుంది. చక్రం మొదట దబదబమంది, మూలిగింది, తర్వాత దాని దారిన అది తిరగడం మొదలుపెట్టింది. గేటు దాటింది. లాలాగూడ రోడ్డు మీద పాల ప్యాకెట్లు దింపుతున్న మనిషి ఆశ్చర్యంగా పక్కకు తప్పుకున్నాడు.

ఆర్థర్ కుర్చీలోంచి లేచాడు. "ఏయ్, ఆగు! గాలి లేకుండ ఎట్ల పోతున్నవ్?"

"కాప్రాల ప్యాచ్ వేయించుకుంట! ఆరాధనకి వచ్చేస్తా, నా సీటు ఉంచండి!" వెనక్కి తిరగకుండానే అరిచింది గ్లోరియా.

"నువ్వట్ల వినవు. ఆ ఆడోళ్ళందరి ముంగట్నే సైకిల్ దింపి తోలుకొస్తా!" ఆర్థర్ టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, తాళం చెవి తీసుకుని స్కూటర్ దగ్గరికి పరిగెత్తాడు. స్టాండు తీసి ముందుకు తోశాడు. బండి కదల్లేదు. ఇంకోసారి తోసి, వంగి చూశాడు. రెండు టైర్లూ నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. గాలి కొట్టే చోట నల్ల మూతలు లేవు.

"అమ్మా! ఇదేందీ, ఎవడు చేసిండు?"

ఆరాధనకు తెల్లచీర కట్టుకుని సలోమి గడపలో నిలబడి ఉంది. ఎడమ అరచేతిలో రెండు నల్ల మూతలు. కుడిచేతి వేళ్ళ మధ్య నీలం పూస పిన్ను.

"నా పిన్ను ఎత్కపోయి టైరుల గుచ్చితివి, నింద నా మీద పడితే నోరు మూసుకొని నిలబడితివి. పొద్దుగాల నీకంటే ముందే లేచి చూస్తే ఉల్లిగడ్డ కోసే కత్తి నిండా నల్ల రబ్బరాయె."

ఆమె పిన్నును తీరిగ్గా భుజం మీద పైటకు గుచ్చుకుంది.

"ఈ వారం దేవుడు నిన్ను ఆపిండు బిడ్డా."